దేవుడే గిరాకి అయితే

మా దిక్కు బంట్వారం దాటి పడమరకు పోతే కర్ణాటక. బసవన్న కల్యాణం ఆ పక్క బీదరు జిల్లాలోనే ఉంది. ఆ బసవన్న కథను పాల్కురికి సోమనాథుడు తెలుగు ద్విపదలో కట్టాడు. దాన్ని 1990లో ఇంగ్లిషులో అచ్చువేసింది అమెరికాలోని ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ ప్రెస్. అనువాదం వెల్చేరు నారాయణరావుది, తోడు జీన్ రోఘేర్. నారాయణరావు 1971లో విస్కాన్సిన్ వెళ్లి, దశాబ్దాల పాటు అక్కడే తెలుగు చెప్పారు.

పుస్తకం పేరు ‘శివాస్ వారియర్స్’. అట్ట మీదే ఆగిపోయాను. భక్తులంటే చేతులు జోడించినవాళ్లే మనకు గుర్తొస్తారు. సోమనాథుడి భక్తుల తీరు వేరు. పాలు తాగలేదని గొడగూచి శివుడి ముందే ఏడ్చి సాధిస్తుంది. బెజ్జ మహాదేవి అయితే శివుడికి తల్లి లేదని బెంగపడుతుంది. తల్లే ఉంటే బిడ్డను విషం మింగనిస్తుందా, ఒంటికి పాములు చుట్టుకోనిస్తుందా అని, తనే తల్లై లాలపోయడానికి కూర్చుంటుంది. ఇంత మొండిపట్టున్నవాళ్లను యోధులనక ఏమంటాం? మనకు ‘బసవ పురాణం’ చెవికి అలవాటైపోయి వినబడదు. అది వినని పాఠకుడి కోసం పేరు వెతకాల్సివచ్చి, నారాయణరావు కావ్యాన్ని మళ్లీ మొదటినుంచి చదివినట్టుంది.

డేవిడ్ షూల్మన్‌తో కలిసి తెచ్చిన చాటువుల పుస్తకం (1998) పేరు ‘ఎ పోయెమ్ ఎట్ ద రైట్ మొమెంట్’. చాటువుకు సమానమైన మాట కోసం తడుముకోకుండా, చాటువు పనేమిటో చెప్పేశారు. పద్యానికి ముందు ‘ఒకసారి ఏమైందంటే’ అనే కథ లేకపోతే చాటువు సగమే కదా.

అన్నీ ఇలా కుదరలేదు. 2007లో ‘కన్యాశుల్కం’ ఆయన చేతిలో ‘గర్ల్స్ ఫర్ సేల్’ అయింది. నాకది మింగుడుపడలేదు. ‘శుల్కం’ పెద్దమనుషుల మాట, అమ్మకానికి కప్పిన శాలువా. ఆ శాలువా పేరులోనే లాగేస్తే, అగ్నిహోత్రావధానులు పెద్దరికం ఒలకబోస్తూ బేరమాడినప్పుడు వచ్చే నవ్వు కొంత ముందే ఖర్చయిపోతుంది.

క్షేత్రయ్య దగ్గర మాత్రం అదే మొరటుతనం అమిరింది. ఎ.కె. రామానుజన్, షూల్మన్‌లతో కలిసి 1994లో తెచ్చిన పదాల పుస్తకానికి ‘వెన్ గాడ్ ఈజ్ ఎ కస్టమర్’ అని పెట్టారు. నాయకుడనో విటుడనో అంటే అలంకారశాస్త్రం అడ్డొస్తుంది. ఆ పదాల్లో వేశ్య మువ్వగోపాలుణ్ణి రూకలు అడుగుతుంది. మా దిక్కు అంగట్లో అలాంటి మనిషికి ఒక్కటే మాట: గిరాకి.