జ్ఞా మీద మోపిన నేరం

2018 ఫిబ్రవరి మధ్యలో ఒక వారం పాటు ఇంగ్లీషు టెక్ పత్రికలన్నీ తెలుగు గురించి రాశాయి. గాడ్జెట్ వార్తలు రోజూ, కాఫీ కంటే ముందు, చదివే అలవాటు నాది. అలాంటి వారం అంతకు ముందు లేదు, ఆ తర్వాతా రాలేదు. ఐఓఎస్ 11.2.5 నడుస్తున్న ఐఫోన్‌కి ఎవరైనా 'జ్ఞా' అని పంపిస్తే మెసేజెస్ యాప్ కూలిపోయేది. మళ్ళీ తెరిస్తే మళ్ళీ కూలేది. అదే నోటిఫికేషన్‌గా తెర మీదకొస్తే ఫోను మొత్తం మొరాయించేది. కొంతమంది ఆకతాయిలు దాన్ని ట్విట్టర్‌లో తమ పేరు పక్కన తగిలించుకున్నారు, చూసినవాళ్ళ యాప్ పోవాలని. ఫిబ్రవరి 19న ఆపిల్ 11.2.6ని విడుదల చేసింది, మాక్‌కీ వాచ్‌కీ టీవీకీ కూడా అదే రోజు మరమ్మతులు వచ్చాయి. వార్త ముగిసిపోయింది.

బగ్ సంగతి ఇంజనీర్లు చూసుకున్నారు. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఆ వార్తని రాసిన తీరు. గాడ్జెట్ రాతని ఎవరూ సాహిత్యంలా చదవరు, నిజమే. కానీ మన తరం రోజువారీగా చదివే వచనంలో అదే ఎక్కువ. కవిత్వ సంపుటికి ముందుమాట చదవనివాడు కూడా ఫోను కొనేముందు పది రివ్యూలు చదువుతాడు. అంతగా చదివే రాతని విమర్శ పట్టించుకోకపోతే ఎలా?

శీర్షికలు దాదాపు అన్నీ ఒకే అచ్చు: ఒకే ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్‌ని కూల్చేస్తుంది. చిన్న వాక్యం, చదవగానే పక్కవాడికి చెప్పాలనిపించే వాక్యం. అందులో 'ఒకే ఒక్క' తప్పు, 'తెలుగు' సగం తప్పు, 'అక్షరం' ఏ లెక్కలో అంటున్నారో వాళ్ళకే తెలియదు, 'కూల్చేస్తుంది' అన్న క్రియకి కర్త వేరే.

అక్షరం దగ్గర మొదలుపెడదాం. ఛందస్సు ప్రకారం జ్ఞా ఒక్క అక్షరమే, ఒక గురువు. కంప్యూటర్ లెక్కలో మాత్రం అది నాలుగు సంకేతాల వరస: జ, పొల్లు, ఞ, దీర్ఘం. యూనికోడ్ 1991లో మొదటి వెర్షన్ వచ్చినప్పటి నుంచీ తెలుగుని ఇలాగే దాస్తోంది. నాలుగింటినీ చూసి, ఇది జ, దాని కింద ఞ ఒత్తు, పైన దీర్ఘం అని గ్రహించి ఒక ముద్దగా గీయాల్సిన బాధ్యత ఫోనులో ఉండే సాఫ్ట్‌వేర్‌ది. ఫోనుని కూల్చిన వరసలో మాత్రం నాలుగు కాదు, అయిదున్నాయి. ఞ కీ దీర్ఘానికీ మధ్య కంటికి కనబడని సంకేతం ఒకటి దాక్కుని ఉంది. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. వెడల్పు లేనిది, పక్కపక్కవాటిని కలవనివ్వనిది. గోడలాంటిది అనుకోండి.

ఈ గోడ మనకేం కొత్త కాదు. 'ఫోన్‌లో' అని రాసినప్పుడు న్ కింద ల ఒత్తు పడకుండా విడివిడిగా నిలబెట్టేది అదే. తీసేస్తే 'ఫోన్లో' అవుతుంది. 'సాఫ్ట్‌వేర్' విడిగా నిలబడటం కూడా దాని చలవే. ఈ వ్యాసంలో ఇప్పటికే చాలాసార్లు వాడాను, మీకు కనబడలేదు, అదే దాని పని. అయితే దాని చోటు పొల్లు తర్వాత. ఒత్తుకీ దీర్ఘానికీ మధ్య దానికి తెలుగు రాతలో ఏ పనీ లేదు. జ్ఞానం, జ్ఞాపకం, విజ్ఞానం అని మామూలుగా టైపు చేసిన ఏ తెలుగువాడి ఐఫోనూ ఆ వారం కూలలేదు. కూలినవన్నీ ఎవరో అయిదు సంకేతాల వరసని కాపీ చేసి పంపినవి. అంటే తెలుగు రాసేవాళ్ళు ఎవరూ రాయని ఒక వరసకి తెలుగు అక్షరమని పేరు పెట్టారు.

పైగా అందులో జ్ఞ ప్రత్యేకత ఏమీ లేదు. ఈ సంగతి నాకు తెలిసింది పత్రికల నుంచి కాదు, అప్పట్లో మొజిల్లాలో పనిచేస్తున్న మనీష్ గోరెగావ్‌కర్ తన బ్లాగులో రాసిన వ్యాసం నుంచి. ఆ వారం వచ్చిన రాతల్లో విమర్శ అనదగ్గది నా దృష్టిలో అదొక్కటే. అందులో ఆశ్చర్యార్థకాలు లేవు, బాంబులు లేవు. ఆయన ఆ వరసని విప్పి, ఒక్కొక్క ముక్కనీ మార్చి చూశాడు. జ బదులు ఇంకోటి పెడితే? ఞ బదులు? దీర్ఘం బదులు వేరే గుణింతం? చివరికి తేలిందేమంటే రెండు హల్లుల సంయుక్తం, దాని తర్వాత ఆ కనబడని గోడ, ఆ తర్వాత అచ్చు గుర్తు ఉంటే చాలు, తెలుగులో ఏ హల్లులైనా ఫోను కూలుతుంది. బెంగాలీలోనూ దేవనాగరిలోనూ కొన్ని సంయుక్తాలతో ఇదే జరుగుతుంది. అచ్చు గుర్తుల్లో ఒక మినహాయింపు కూడా దొరికింది: తెలుగు ఐత్వం పెడితే కూలదు. ఐత్వానికి రెండు ముక్కలుంటాయి కదా, పైన ఒకటి, కింద ఒకటి. అలా రెండు ముక్కలుగా గీసే గుర్తులకి ఫోను వేరే దారిలో వెళ్తోందన్న మాట. పాఠాన్ని దగ్గరగా చదవడం అని సాహిత్య విద్యార్థులు ఏదైతే అంటారో అది ఇదే. ఆ చదువు దోషం ఎక్కడుందో చూపిస్తుంది: అక్షరంలో కాదు, అక్షరాన్ని గీసే చోట.

పత్రికలు ఆ వ్యాసాన్ని చూడలేదని అననుగానీ, చూసినవాళ్ళు కూడా శీర్షిక మార్చలేదు. వాళ్ళు దాన్ని 'టెక్స్ట్ బాంబ్' అన్నారు. ఆ మాటకో చిన్న చరిత్ర ఉంది. 2013లో ఒక అరబిక్ వరస ఆపిల్ పరికరాల్లో యాప్‌లని కూల్చింది. 2015లో ఇంగ్లీషు, అరబిక్ కలిసిన ఒక మెసేజ్ ఐఫోన్లని రీస్టార్ట్ చేయించింది. 2020లో సింధీ అక్షరాలూ ఇటలీ జెండా ఎమోజీ కలిసి అదే పని చేశాయి. ప్రతిసారీ కథ ఒకటే: దూరదేశపు లిపి ఏదో మన ఫోన్లోకి చొరబడి పేలింది. సరే, 2018 జనవరిలో, అంటే జ్ఞాకి సరిగ్గా నెల ముందు, 'చాయ్‌ఓఎస్' అనే బగ్ కూడా వచ్చింది. ఒక వెబ్ లింకు పంపిస్తే మెసేజెస్ స్తంభించిపోయేది. అప్పుడెవరూ ఇంగ్లీషు లింకు ఐఫోన్‌ని చంపేస్తోందని రాయలేదు. మెసేజెస్‌లో లోపం ఉందనే రాశారు. ఆ లోపాన్ని సరిచేసిన వెర్షన్ 11.2.5. జ్ఞా దగ్గర బోర్లాపడిందీ అదే.

మనవాళ్ళ స్పందన ఇంకో కథ. మా వాట్సాప్ గ్రూపుల్లో ఆ రెండు రోజులూ పండగ. మన దెబ్బకి ఆపిల్ పడిపోయిందని మీసాలు తిప్పిన ఎమోజీలు. నేనూ నవ్వాను, నవ్వొచ్చే విషయమే. జ్ఞ ని మనం గ్న్య అని పలుకుతాం, హిందీవాళ్ళు గ్య అంటారు, మరాఠీవాళ్ళు ద్న్య అంటారు. మనుషులకే కుదరని చోట ఫోనుకి కుదరలేదని ఒకరు రాశారు, అది మాత్రం నిజంగా మంచి జోకు. కాకపోతే ఆ గర్వంలో ఒక తికమక ఉంది. లక్ష రూపాయలు పోసి కొన్న వస్తువు మన లిపిని సరిగ్గా గీయలేకపోతే అది మన గెలుపు ఎలా అవుతుంది?

గాడ్జెట్ రివ్యూలో తెలుగు ఎప్పుడూ ఉండదు. ఉంటే ఇలా బాంబుగా ఉంటుంది. రివ్యూ అనే ప్రక్రియకి ఒక చట్రం ఉంది: డిజైన్, డిస్‌ప్లే, పనితీరు, కెమెరా, బ్యాటరీ, తీర్పు. డిస్‌ప్లే భాగంలో నిట్లు, హెర్ట్జ్‌లు కొలుస్తారు. ఆ తెర మీద మనిషి ఏం చదువుతాడన్న ప్రశ్న ఆ చట్రంలో లేదు. చట్రంలో లేనిది రివ్యూయర్‌కి కనబడదు. ఇంగ్లీషువాళ్ళని వదిలేద్దాం, వాళ్ళకి తెలుగు అవసరం లేదు. తెలుగులో వీడియోలు చేసేవాళ్ళు ఎంతోమంది ఉన్నారు. వాళ్ళ మీద నాకు గౌరవమే. రెండు సిమ్‌లు వేస్తే మెమరీ కార్డుకి చోటుంటుందా, స్పీకర్ మోత బస్సులో వినబడుతుందా, వేసవిలో ఛార్జింగ్ పెడితే ఎంత కాగుతుంది అని అమెరికా రివ్యూయర్‌కి తట్టని ప్రశ్నలు అడుగుతారు. కానీ నేను చూసినవాటిలో, తెలుగులో మాట్లాడుతూ తెలుగు కీబోర్డు తెరిచి చూపించినవాళ్ళు దాదాపు లేరు. ఫోను సెట్టింగ్స్ ఇంగ్లీషులోనే, టైపు చేసి చూపించే వాక్యం ఇంగ్లీషులోనే.

ఇది భాషాభిమానంతో అంటున్న మాట కాదు. కొనేవాడికి పనికొచ్చే సమాచారం. ఒక ఉదాహరణ చెప్తాను, కాస్త సాంకేతికం, ఓపిక పట్టండి.

రోమన్ అక్షరం నిలువుగా పెద్దగా చోటడగదు. జీకీ వైకీ కింద చిన్న తోక, అంతే. తెలుగు పైకీ కిందకీ పెరుగుతుంది. 'జ్యోత్స్న' చూడండి. పైన ఓత్వం, కింద య ఒత్తు, తర్వాత త కింద స, దానితో పాటు న. దీన్ని రోమన్ అక్షరం కోసం కొలిచి కట్టిన గదిలో పెడితే రెండే దారులు, నొక్కేయడం లేదా కోసేయడం. ఆండ్రాయిడ్ చాలాకాలం మొదటిది చేసింది. మెనూలు, బటన్ల కోసం తెలుగుని రోమన్ ఎత్తులోకి కుదించిన ఫాంట్ వాడింది. పూర్తి ఎత్తు కావాలనుకున్న డెవలపర్ కోసం 2014లో, ఆండ్రాయిడ్ 5తో, 'ఎలిగెంట్ టెక్స్ట్ హైట్' అని ఒక మీట ఇచ్చింది. ఎంత మర్యాదైన పేరో! దాన్ని ఆన్ చేసిన యాప్‌లు ఎన్నో ఊహించుకోండి. పదేళ్ళకి, 2024లో వచ్చిన ఆండ్రాయిడ్ 15లో, ఆ వెర్షన్ కోసం తయారయ్యే యాప్‌లన్నిటికీ గూగుల్ ఆ మీటని ముందే ఆన్ చేసి పెట్టింది. తెలుగు, కన్నడం, తమిళం, మలయాళం, గుజరాతీ, ఒడియా, అరబిక్, థాయ్ చదివేవాళ్ళందరికీ సంబంధించిన మార్పు ఇది. కోట్ల మంది రోజూ చదివే అక్షరం ఆకారం మారుతోంది. ఆండ్రాయిడ్ 15 మీద నేను చదివిన రివ్యూలు ఒక్కదాంట్లోనూ ఈ ముక్క లేదు. యాప్‌లని దాచుకునే ప్రైవేట్ స్పేస్ గురించి మాత్రం అందరూ రాశారు. ఎత్తు పెరగడం వల్ల పాత డిజైన్‌లో వాక్యాలు పట్టకపోతే యాప్ చేసేవాళ్ళు ఏం చేస్తారు, మళ్ళీ మీట ఆపేస్తారా అన్నది అడగాల్సిన ప్రశ్న. అడిగేవాడు లేడు.

యాప్ చేసేవాళ్ళ వైపు నుంచి కూడా ఒక మాట. నేనూ ఆ పనే చేస్తాను కాబట్టి తెలుసు. యాప్‌ని వేరే భాషల్లో పరీక్షించాలంటే మా రంగంలో ముందు జర్మన్ పెడతారు, మాటలు పొడుగు కాబట్టి. తర్వాత అరబిక్, కుడి నుంచి ఎడమకి కాబట్టి. అడ్డం పొడుగు చూస్తారు, దిశ చూస్తారు. ఎత్తు చూడాలన్న ఆలోచన మీటింగుల్లో రావడం నేను చాలా అరుదుగా చూశాను. రివ్యూయర్లు అడిగితే వస్తుంది. కెమెరా గురించి అడిగీ అడిగీ కదా ఫోన్ల వెనక ఇన్ని కళ్ళు మొలిచాయి.

2010 ప్రాంతంలో చవక ఫోన్లలో తెలుగు డబ్బాలుగా కనబడేది. అప్పుడు మేం చదువుకున్న దారి ఒపేరా మినీ. అడ్రస్ బార్‌లో 'కాన్ఫిగ్' అని కొట్టి కోలన్ పెడితే ఒక రహస్య పేజీ తెరుచుకునేది. అందులో సంక్లిష్ట లిపులకి బిట్‌మ్యాప్ ఫాంట్లు వాడు అనే వరస దగ్గర 'ఎస్' పెడితే, ఎక్కడో ఉన్న సర్వర్ తెలుగుని బొమ్మలుగా గీసి పంపేది. ఫోనుకి తెలుగు రాదు, బొమ్మలొచ్చు. నేను ఆ బొమ్మల్లోనే బోలెడు కథలు చదివాను. ఈ చిట్కా ఏ రివ్యూలోనూ రాలేదు, ఒకడి నుంచి ఒకడికి పాకింది. అప్పట్లో హాస్టల్లో ఫోను కొనేవాడు ముందు అడిగే ప్రశ్న, దీంట్లో ఒపేరా మినీ నడుస్తుందా అని. అది కూడా రివ్యూయే, కొనేవాడి అవసరంలోంచి పుట్టిన రివ్యూ.

గాడ్జెట్ రాత పైపైనే ఉండాలని రూలేం లేదు. జాన్ సిరకూసా అనే ఆయన ఆర్స్ టెక్నికాలో మాక్ ఓఎస్ టెన్ ప్రతి వెర్షన్ మీదా 2014 దాకా చిన్న పుస్తకమంత రివ్యూలు రాశాడు. ఒక ఫోల్డర్ తెరిస్తే కిటికీ నిన్నటి చోటే ఎందుకు తెరుచుకోవాలి అన్న దాని మీద ఆయన ఏళ్ళ తరబడి వాదించాడు. చాదస్తం అనిపిస్తుంది, కానీ చదివాక మీ కంప్యూటర్‌ని మీరు ఇంకోలా చూస్తారు. తెలుగు తెర మీద అంత చాదస్తంగా రాసేవాళ్ళ కోసం నేను ఎదురుచూస్తున్నాను. వ్యూస్ రావంటారు. ఉచ్చారణ మీద, పొట్టి రి, పొడుగు రీ మీద గంటల తరబడి కొట్టుకునే జాతి మనది. వ్యూస్ ఎందుకు రావు?

ఈలోగా, ఎవరి చేతిలో కొత్త ఫోను కనబడినా నేను కాసేపు అడిగి తీసుకుంటాను. కెమెరా తెరవను. జ్యోత్స్న, స్త్రీ, దారిద్ర్యం, లక్ష్మి అని నాలుగు వరసలు కొట్టి, అదే మెసేజ్‌ని నా ఫోన్ నుంచి దానికి పంపిస్తాను. మొన్న ఒక ఖరీదైన ఫోన్లో చాట్ లోపల అన్నీ చక్కగా ఉన్నాయి. లాక్ స్క్రీన్ మీద నోటిఫికేషన్‌లో మాత్రం జ్యోత్స్నకి కింద న ఒత్తు సగం లేదు. ఫోను యజమాని దాన్ని చూసి, "అబ్బా, అర్థమవుతోందిగా అన్నా" అన్నాడు.