ఊతపదాలు – భిలాయి తెలుగు

వాడుక భాషలో వ్రాయవచ్చునా అన్న వివాదం మన సాహిత్యంలో ఏనాడో ముగిసినది. అయినా ఆ వాడుకలోని ఒక తెగ మాటలను మనం ఇంకా గడప బయటనే నిలిపి ఉంచినాము. "అంటే", "అదే", "మరి", "ఏమిటంటే", "అన్నమాట", "కదండీ" మొదలైనవి ఈ తెగలోనివి. వీటిని మనవారు ఊతపదాలన్నారు. పేరులోనే కొంత చిన్నచూపు ఉన్నది. కాళ్లలో సత్తువ ఉన్నవానికి ఊతకర్రతో పని లేదు గదా! ఒకే మాట గంటలో పదిసార్లు చెవిని పడితే వినేవారికి విసుగు పుట్టడం సహజమే. ఆ విసుగును కాదనడం నా ఉద్దేశం కాదు. అది పడవలసిన చోటనే పడుతున్నదా, లేక దిక్కులేనివారి మీద పడి తక్కినవారిని విడిచిపెడుతున్నదా అన్నదే ఇక్కడి విచారణ.

ఈ ప్రశ్న నాకు గ్రంథాలయంలో తోచినది కాదు. భిలాయిలో ఒక ఇంటి వరండాలో తోచినది.

భిలాయి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో దుర్గ్ జిల్లాలోనిది. సోవియట్ యూనియన్ సహకారంతో అక్కడ ఉక్కు కర్మాగారం నిర్మించడానికి 1955లో ఒడంబడిక కుదిరినది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించినారు. అప్పటికది మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం 2000 నవంబరు 1న ఏర్పడినది. దేశం నలుమూలల నుండి ఆ పనికి వచ్చినవారిలో తెలుగువారు తక్కువ కారు. వారిలో శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలవారు ఎక్కువగా కనబడతారు. 1931లో పూర్తి అయిన విజయనగరం–రాయపూరు రైలుమార్గం వారికి దగ్గరి దారి అయినది. కొందరు సెక్టార్ల క్వార్టర్లలో, కొందరు ఖుర్సీపార్ వంటి బస్తీలలో స్థిరపడినారు. సెక్టారు 5లోని బాలాజీ మందిరం వారు కలుసుకునే చోటు. పనిలో హిందీ, బజారులో హిందీతోపాటు ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీయో ఇంగ్లీషో. తెలుగుకు మిగిలినవి ఇల్లు, గుడి, పెండ్లిపందిరి.

నేను దిగిన ఇంటి పెద్ద కర్మాగారంలో ఉద్యోగం చేసి విరమించినవాడు. శ్రీకాకుళం వైపు మనిషి. మనవరాలు ఎనిమిదో తరగతి చదువుతున్నది. ఆ సాయంకాలం హైదరాబాదు నుండి వారి బంధువొకరు కూడ వచ్చి ఉన్నారు. బడి నుండి తొందరగా ఎందుకు వచ్చినావని తాత అడిగితే ఆ పిల్ల ఉత్సాహంగా చెప్పసాగినది: "మతలబ్ ఏటంటే తాతా, మేడమ్‌ని అడిగేం. ఆవిడ అచ్ఛా అంది. బస్, వచ్చేసేం." ఇంతలో బంధువు పకపక నవ్వినాడు. "బేసిగ్గా మీ మనవరాలు తెలుగు మర్చిపోయింది మావయ్యా. యాక్చువల్లీ ఇది తెలుగే కాదు" అన్నాడు. పిల్ల నోరు మూసుకున్నది. తరువాత రాత్రి భోజనాల వరకు ఎవరేమి అడిగినా హిందీలోనే జవాబు చెప్పినది.

బంధువు వెళ్లిపోయిన తరువాత ఆ పెద్దాయన నాతో అన్న మాట ఇది: "మాటకి నవ్వితే పిల్లలు మాటే మానేస్తారు బాబూ. మానేసినాక మరి ఎవులు నేర్పుతారు?"

ఆ వాక్యంలో "మరి" అన్నది ఊతపదమే. దానిని తీసివేసి చదివి చూడండి. ప్రశ్న మిగులుతుంది, ఆ ప్రశ్న వెనుకనున్న దిగులు మాత్రం సగమైపోతుంది. ఊతపదానికి అర్థం లేదన్న వాదం ఇక్కడనే వీగిపోతున్నది. దాని అర్థం వస్తువును గురించినది కాదు. మాట్లాడేవానికీ వినేవానికీ నడుమ ఉన్న సంబంధాన్ని గురించినది. ఆలోచనకు కొంత వ్యవధి కావలెనన్నా, మాట ఇంకా ముగియలేదని తెలపవలెనన్నా, ఎదుటివాడు వింటున్నాడో లేదో చూసుకోవలెనన్నా, కాదన్న మాటను నొప్పి తగలకుండా చెప్పవలెనన్నా మనకు ఈ చిన్న మాటలే దిక్కు.

ఇక ఆ పిల్ల మాటలను పరిశీలిద్దాము. "అంటే" ఉండవలసిన చోట "మతలబ్" ఉన్నది. "సరే" ఉండవలసిన చోట "అచ్ఛా", "అంతే" ఉండవలసిన చోట "బస్" ఉన్నవి. "మేడమ్‌ని" అన్న చోట విభక్తి తెలుగుది. "అడిగేం", "వచ్చేసేం" అన్న క్రియలు తెలుగువి. అందులోను అచ్చమైన ఉత్తరాంధ్ర రూపాలు. ఎన్నడూ శ్రీకాకుళంలో నివసించని పిల్ల నోట తాతగారి ఊరి క్రియారూపం చెక్కుచెదరక నిలిచి ఉన్నది. మారినవల్లా వాక్యానికి వెలుపల నిలబడే మాటలు. వాటికి విభక్తులు లేవు, లింగవచనాలు లేవు, క్రియతో పొత్తు లేదు. కనుకనే అవి పొరుగింటి నుండి తేలికగా రాగలవు, తేలికగా పోగలవు. ఇంటిగోడలు పాతవే, వీధి అరుగు మీది మనుషులు మాత్రమే మారినారు. హైదరాబాదు బంధువుకు అరుగు కనిపించినది, ఇల్లు కనిపించలేదు.

పైగా ఆయన తీర్పు చెప్పిన రెండు వాక్యాలలోను రెండు ఊతపదాలు ఉన్నవి. "బేసిగ్గా", "యాక్చువల్లీ" అన్నవి "మతలబ్" కన్న ఏ విధంగా తెలుగు? హిందీ ఊత వెక్కిరింతకు పాత్రమైనది. ఇంగ్లీషు ఊత మాత్రం ఎవరి చెవికీ తగలలేదు. దీనిని బట్టి మన విసుగు మాట మీదిది కాదని, మాటాడేవాని అంతస్తు మీదిదని తేలుతున్నది.

ఇందుకు ఇంతకంటే పెద్ద నిదర్శనం మన ఇంటిలోనే ఉన్నది. "జర", "పరేషాన్", "ఖుల్లా" వంటి మాటలు కలిసిన తెలంగాణ తెలుగును మన సినిమాలు దశాబ్దాల తరబడి ఎక్కువగా రౌడీలకో హాస్యగాళ్లకో ఇచ్చినవి. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడినది. "ఫిదా" (2017)లో కథానాయిక నోట, "బలగం" (2023)లో ఇంటిల్లిపాది నోట ఆ పలుకుబడే వినిపిస్తే ప్రేక్షకులు ఆదరించినారు. మాటలు అవే, వినేవారి చూపు మారినది. భిలాయి తెలుగుకు రాష్ట్రం లేదు, సినిమా లేదు. దాని పక్షాన చెప్పుకోవడానికి ఉన్నది సాహిత్యం ఒక్కటే.

మరి సాహిత్యం ఏమి చేస్తున్నది? ఈ చర్చ మనకు కొత్తది కాదు. సంస్కృతంలో చ, తు, హి, వై మొదలైన అవ్యయాలకు పాదపూరణమన్నది ఒక ప్రయోజనంగా కోశకారులు చెప్పినారు. పాదం నింపడానికి మాత్రమే వేసిన అటువంటి మాటను మమ్మటుడు కావ్యప్రకాశంలో నిరర్థకమనే దోషంగా లెక్కించినాడు. అయితే ఒకరి మాటను అనుకరించి చెప్పే సందర్భంలో ఇటువంటివి దోషాలు కావని ఒప్పుకున్నవాడు కూడ ఆయనే. ఈ రెండు మాటలను కలిపి చదివితే మన విచారణకు తగిన కొలబద్ద దొరుకుతుంది. పాత్ర నోటిలోని ఊతపదం అనుకరణం. కవి తన చేతకానితనాన్ని కప్పిపుచ్చుకోవడానికి వేసినది దోషం.

అనుకరణంలో కూడ తారతమ్యం ఉన్నది. "కన్యాశుల్కం" 1897లో అచ్చయినది. బాగా మార్చి పెంచిన రెండవ కూర్పు 1909లో వచ్చినది. అందులో గిరీశం మాట మాటకు ఇంగ్లీషు దొర్లిస్తాడు. ఆ ఇంగ్లీషు అతని చిరునామా మాత్రమే కాదు, అతని పనిముట్టు. ఎవరి ముందు దొర్లించవలెనో, ఎవరి ముందు మానుకోవలెనో అతనికి తెలుసు. అతనికి తెలుసునన్న సంగతి గురజాడకు తెలుసు. రాచకొండ విశ్వనాథశాస్త్రి కథలలో విశాఖ వీధుల మనుషులు తమ పలుకుబడితోనే వచ్చి నిలబడతారు. నవ్వించినా నవ్వులపాలు కారు. ఇప్పటి కథలలో చాలావాటిలో ప్రవాసపు తెలుగువాడు కనిపిస్తే రచయిత అతని నోట ప్రతి వాక్యానికి ఒక "మతలబ్"ను తగిలించి ఊరుకుంటున్నాడు. అది చెవితో విన్నది కాదు, చొక్కాకు కుట్టిన బిళ్ల. నిజంగా విన్నవాడు ఆ మాట ఎప్పుడు వస్తుందన్నది మాత్రమే కాక, ఎప్పుడు రాదన్నది కూడ పట్టుకుంటాడు. పై అధికారికి సంజాయిషీ చెప్పుకునేటప్పుడు నాలుగు "మతలబ్"లు దొర్లించే మనిషి, తల్లి పోయిన కబురు చెప్పేటప్పుడు ఒక్కటి కూడ అనకపోవచ్చును. పాత్ర అక్కడ పుడుతుంది.

ఆకతాయి మాటల సంగతి వేరు. "కేక", "రచ్చ", "అదుర్స్", "వేరే లెవెల్" వంటివి పడుచువారి నోట పుట్టి, సినిమాలతో ఊరూరా తిరిగి పెద్దలకు చిరాకు కలిగిస్తవి. వీటికి పోలీసులు అక్కరలేదు. ఇంకొక మాట రాగానే వెనుకటిది తనంతట తానే ముసలిదైపోతుంది. వీటిని వాడే రచయిత మాత్రం ఒకటి గుర్తుంచుకోవలసి ఉన్నది: ఆ మాటతోపాటు కథకు కూడ వయస్సు మీదపడుతుంది.

అట్లాగని అతివాడుకను నేను వెనుకవేసుకొని రావడం లేదు. నిజంగా విసుక్కోవలసిన చోటు ఒకటున్నది. అది మన బల్ల. "ఆయన కలం నుండి జాలువారిన", "మట్టివాసన గుబాళించే", "ఏకబిగిన చదివింపజేసే", "సాహిత్యలోకానికి తీరని లోటు", "తనదైన శైలిలో" – ముందుమాటలలో, సమీక్షలలో, సంస్మరణలలో ఇవి ఎన్ని వందలసార్లు అచ్చయినవో! మాట్లాడేవానికి వ్యవధి లేదు; మాట వెదుక్కునేలోగా ఎదుటివాడు లేచిపోతాడు. అతనికి ఊత న్యాయమే. వ్రాసేవానికి రాత్రంతా ఉన్నది, కొట్టివేతకు కలమున్నది. అయినా అతడు ఊత పట్టుకున్నాడంటే నడవలేక కాదు, నడవదలచుకోక. ఎవరి మట్టి, ఏ వాసన అని అడిగితే ఆ సమీక్షకుని వద్ద జవాబు ఉండదు. సంభాషణలోని ఊతపదం ఆలోచనకు గడువు ఇస్తుంది. వ్రాతలోని అరిగిన పదబంధం ఆలోచన అవసరమే లేకుండా చేస్తుంది. రెండింటికీ ఒకే శిక్ష తగదు. మనం వేస్తున్నదేమో మొదటిదానికి మాత్రమే.

ఈ నిందలో నాకూ భాగమున్నది. ఈ వ్యాసాన్ని మొదట వ్రాసినప్పుడు భిలాయిని "మినీ భారతం" అన్నాను. ఆ ఊరిని గురించి అందరూ అనే మాట అది. తిరిగి చదువుకుంటే ఆ మాటలో నేను చూసినది ఒక్కటీ లేదు. బాలాజీ మందిరం లేదు, ఖుర్సీపార్ లేదు, ఆ పిల్ల లేదు. అది భిలాయికి వెళ్లకుండానే వ్రాయగల మాట. కొట్టివేసినాను. ఆ మాట ఇంత తేలికగా నా చేతికి వచ్చిన తరువాత "మతలబ్" అన్న పిల్లను దిద్దే అధికారం నాకెక్కడిది?

భిలాయి కర్మాగారానికి దల్లీ రాజ్‌హరా నుండి ఇనుపరాయి, నందిని నుండి సున్నపురాయి సమకూర్చినారు. సున్నపురాయి ఇనుము కాదు. కాని కొలిమిలో అది రాతిలోని మలినాన్ని పట్టి కరిగించి చిట్టెంగా వేరు చేస్తేనే ఇనుము దిగుతుంది. ఆ చిట్టెం సైతం సిమెంటు తయారీకి పనికివస్తుంది. కొలిమి దగ్గర పనిచేసినవారు సున్నపురాయిని చూసి ఇది ఇనుము కాదే అని విసుక్కోరు. మాటను కొలిమిగా చేసుకున్న మనకు ఆ మాత్రం ఓర్పు ఉండవద్దా?

గిడుగు రామమూర్తి పంతులు (1863–1940) సవరల భాష నేర్చుకొని దానికి వ్యాకరణం వ్రాసినారు. అందుకు ముందుగా ఆయన చేసిన పని వినడం. తమ భాష తమదే అయినప్పుడు ఆ ఓపిక మరింత తేలిక కావలెను. భిలాయిలో అయినా, మరెక్కడ అయినా, తెలుగు పిల్ల ఒకతె "మతలబ్" అని మొదలుపెట్టితే దిద్దుబాటు తరువాత చూసుకోవచ్చును. "అంటే" అన్న మాటను మన జవాబులో వాడి చూపితే పిల్ల తానే అందుకోగలదు. ముందుగా ఆమెను ఆ వాక్యం ముగించనిద్దాము. చివరనున్న క్రియ తెలుగులో ఉన్నది.