పైకి రాసి ఊరుకుంటే సరా?

మహారాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ ప్రిలిమ్స్ రెండో పేపరులో నిర్ణయ సామర్థ్యం మీద కొన్ని ప్రశ్నలుంటాయి. ఒక ఇరకాటం చెప్పి, నాలుగు దారులు చూపి, మీరైతే ఏం చేస్తారని అడుగుతారు. వీటికి నెగెటివ్ మార్కుల్లేవు గనక చదవాల్సిందేముందని చాలామంది వదిలేస్తారు. చదివేవాళ్ళది ఇంకో తంటా: ‘పై అధికారికి తెలియజేయాలి’ అన్న మాట ఎక్కడ కనిపిస్తే అక్కడ గుర్తు పెట్టేస్తారు. అణకువగా ఉంటుంది, నింద రాదు. కానీ ఈ ప్రశ్న వెతికేది అణకువను కాదు, తన చేతిలో ఉన్న పనేదో గుర్తుపట్టగల చూపును.

గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకాలో పెట్టి చూస్తే ఇది తేటపడుతుంది. 2022 జులైలో గోదావరి, ప్రాణహిత పోటెత్తి ఇక్కడి ఊళ్ళను ముంచాయి. అలాంటి వరద తీసిన మర్నాడు మీరు తలాఠీ, అంటే గ్రామ రెవెన్యూ ఉద్యోగి, అనుకోండి. పంట నష్టానికి పంచనామా రాయాలి. సగం చేలకు దారి లేదు. చూడకుండానే అన్నీ రాసెయ్యమని రైతులు పట్టుబడుతున్నారు. రాసేస్తే అబద్ధం. కుదరదని వెళ్ళిపోతే పని ఎగ్గొట్టినట్టు. తహసీల్దారుకు రాసి జవాబు కోసం కూర్చుంటే? ఆయన పైవాళ్ళను అడగాల్సి వస్తే జిల్లా కేంద్రం గడ్చిరోలి సుమారు 200 కిలోమీటర్లు. కాగితం పైదాకా వెళ్ళి వచ్చేలోగా బురద ఎండుతుంది, ఆనవాళ్ళు చెరిగిపోతాయి. అందిన చేలు ఆ రోజే చూసి రాయడం, అందనివాటి పట్టీ విడిగా తహసీల్దారుకు పంపడం, ఆ సంగతి రైతులకు చెప్పడం: ఈ దారిలోనూ పైవాళ్ళకు కబురుంది, కాకపోతే పని ఆగలేదు. సాధన చేసేటప్పుడు ఒక్కో దారినీ ఇలా సాయంత్రం దాకా నడిపించి చూడాలి. అధికారం ఎవరిది, ఆలస్యమైతే నష్టం ఎవరికి అన్నవి అక్కడ బయటపడతాయి.

మంచి జవాబు తెలిసినవాడల్లా మంచిగా పనిచేస్తాడా అని అడగొచ్చు. చెయ్యకపోవచ్చు. 2001లో మైకేల్ మెక్‌డేనియల్ అనే పరిశోధకుడి బృందం పాత అధ్యయనాలను కలిపి లెక్కగడితే, ఇలాంటి పరీక్షలకూ ఉద్యోగంలో పనితీరుకూ సహసంబంధం 0.34 దగ్గర తేలింది. గొప్ప అంకె కాదు, కొట్టిపారేసేదీ కాదు. ఏది సరైన పనో తెలియనివాడి కంటే తెలిసినవాడి మీద ఆశ పెట్టుకోవచ్చు, అంతే.

ఇంతకంటే బలమైన ఆక్షేపణ భాషది. సిరోంచలో చాలామందికి ఇంట్లో తెలుగు, పరీక్షలో మరాఠీ. మరాఠీలో ‘తత్కాళ్’ అంటే వెంటనే. మన ‘తాత్కాలికం’ కొన్నాళ్ళ మటుకే. రైలు టికెట్ల పుణ్యమా అని ఈ ఒక్కటీ చాలామందికి తెలుసు గానీ, వెంటనే చేసే ఏర్పాటుకూ కొన్నాళ్ళ ఏర్పాటుకూ తేడా పొరబడితే తెలివైన పిల్లవాడూ తప్పు గడి నింపుతాడు. ఇది పరీక్ష లోపమే, కాదనను. అది సరిదిద్దేదాకా, గైడు పుస్తకాల కంటే వరదల మీద వెలువడిన మరాఠీ సర్కారు ఉత్తర్వులు చదవడం మేలు. ఎవరు ఎవరికి ఏ పని అప్పగించారో, ఏ మాటతో అప్పగించారో వాటిలోనే ఉంటుంది.