ప్రసారవిద్యయు శ్రవణవిద్యయు

కళాశాలలలో బోధింపబడుచున్న రేడియో, టెలివిజను, డిజిటల్ ప్రసారవిద్యను కొందఱు చదువుగానే గణింపరు. అది కెమేరా త్రిప్పు చేతిపని యందురు. మఱికొందఱు అదియే నేటి కాలపు సర్వస్వమని పొగడుదురు. మా కొంపల్లి ప్రాంతమునుండి ఈ విద్యకై బయలుదేఱు బాలబాలికలు కలరు గావున, ఈ రెండభిప్రాయములలో నేది న్యాయమో విచారింపవలసిన భారము ఉపాధ్యాయులమగు మాపై కొంత కలదు. రెండును పొరపాటే యని మా తలంపు.

తెలుగువారికి రేడియో క్రొత్తది గాదు. మద్రాసు కేంద్రము 1938 జూన్ 16న ప్రారంభమైనది. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న వెలసినది. నిజాము ప్రభుత్వమువారి దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న ఆలిండియా రేడియోలో చేరినది. ఆ తొలినాళ్లలో మన దేశమున ప్రసారవిద్యా పట్టభద్రులు లేరు. కవులు, గాయకులు, నటులు, పండితులు ఆ కేంద్రములను తీర్చిదిద్దిరి. 1941లో మద్రాసు కేంద్రమున చేరిన బాలాంత్రపు రజనీకాంతరావు గారు సాహిత్యము చదివినవారు, సంగీతము నెఱిగినవారు. మైకు ముందు కూర్చుండుటకు మునుపే వారి చెవి సిద్ధమై యుండెను. యంత్రము నడుపుట వారు అక్కడనే నేర్చుకొనిరి.

అట్లని కళాశాల యక్కఱలేదని మే మనము. ఉస్మానియా విశ్వవిద్యాలయమున పత్రికారచనాశాఖ 1954లో నేర్పడినది. హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు బోల్ హైదరాబాదు అను సొంత రేడియో కేంద్రమే కలదు. వ్రాయుట, సరిచూచుట, చట్టము నెఱిగి మెలగుట మొదలగునవి గురుముఖమున నేర్చుకొనదగినవి. మా యాక్షేపణ చదువుపై గాదు, చదువు చెప్పు వరుసపై.

నేడు పెక్కు కళాశాలల ప్రకటనలను పరికింపుడు. స్టూడియో బొమ్మ ముందు, కెమేరా తరువాత, ఎడిటింగు గది ఆ పిమ్మట. ఏ భాషలో మాటలాడ నేర్పుదురో, ఎవరి మాట విన నేర్పుదురో ఆ ప్రకటనలలో వెదకినను దొరకుట యరుదు. యంత్రముల కాయువు స్వల్పము. అయస్కాంతపు టేపును బ్లేడుతో కోసి అతికించుట ఒకప్పుడు రేడియోవారికి ముఖ్యమైన నేర్పు; నేడు ఆ నేర్పు గలవానిని పిలుచువారు లేరు. ఈనాటి సాఫ్టువేరు గతియు నంతియే. యంత్రమునే విద్య యనుకొన్నవాడు యంత్రముతో పాటే ముసలివా డగును. ప్రశ్న అడుగుట, విన్నదానిని వక్రింపక చెప్పుట, నిజమును నిర్ధారించుట అను విద్యలకు మాత్రము ముసలితనము లేదు.

యంత్రమొక్కటియే చాలదని మన గ్రామములే సాక్ష్య మిచ్చుచున్నవి. 1975 ఆగస్టు మొదలు 1976 జూలై వఱకు ఉపగ్రహము ద్వారా ఆఱు రాష్ట్రములందలి సుమారు 2,400 పల్లెలకు టెలివిజను చూపిరి. అందు తెలుగు పల్లెలును కలవు. అది మహత్తరమైన ప్రయోగమే. కాని పల్లెవాడు అందు ముఖ్యముగా ప్రేక్షకుడు. చెప్పువారు వేఱొకచోట నుండిరి.

దీనికి ప్రత్యుదాహరణము జహీరాబాదు చెంతనున్న మాచునూరు. అచ్చటి సంగం రేడియో 2008 అక్టోబరు 15న ప్రసారము లారంభించినది. దానిని నడిపినవారు డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత స్త్రీలు. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అను వారిద్దఱి పేర్లు దేశమున పలువు రెఱుగుదురు. అనుమతి రాకపూర్వమే వారు తమ కార్యక్రమములను ధ్వనిముద్రణము చేసి సంఘముల సమావేశములలో వినిపించుకొనిరి. విత్తనములు, పంటలు, వంటలు, పాటలు వారి విషయములు. ఇంటి మాటయే వారి భాష.

ఇం దొక విశేషము గలదు. వాయుతరంగములు ప్రజల సొత్తని సర్వోన్నతన్యాయస్థానము 1995 ఫిబ్రవరి 9న తీర్పు చెప్పినది. ఆ పిమ్మట సముదాయ రేడియో నడుపుటకు 2002లో తొలుత అనుమతి పొందినవి విద్యాసంస్థలే. స్వచ్ఛందసంస్థలకు 2006 వఱకు ద్వారము తెఱవబడలేదు. అనగా పల్లె స్త్రీలకంటె నాలుగేండ్లు ముందుగా కళాశాలలకు అవకాశము చిక్కినది. ఆ అవకాశమును ఎన్ని కళాశాలలు తమ చుట్టునున్న జనుల గొంతు వినిపించుటకు వినియోగించినవో, అధ్యాపకులు తమ్ము తామే ప్రశ్నించుకొందురు గాక.

“ఉద్యోగ మిచ్చువారు యంత్రజ్ఞానమునే కోరుదురు గదా” యని కొంద ఱాక్షేపింతురు. ఆ మాట త్రోసివేయదగినది కాదు. అప్పుచేసి చదివించు తండ్రికి జీతము ముఖ్యమే. కాని యంత్రము నడుపుట యందఱికిని సులభమైనకొలది దానికి వెల తగ్గును. నేడు ఇంటింట చేతిఫోనే కెమేరా యగుచున్నది. అందఱి చేతను ఉన్నదానికి కాక, కొందఱియందే యున్న వివేకమునకే జీతము నిలుచును. నిర్ధారింపని వార్త ఒక్క గడియలో ఊరంతయు ప్రాకు కాలమున, “ఇది నిజమా?” యని ఆగి యడుగగలవాడు సంస్థకును, సంఘమునకును కావలసినవాడు.

కావున మా సూచన యొక్కటి. మైకు చేతి కిచ్చుటకు ముందు విద్యార్థి నొక్క మాసము ఊరిలోనికి పంపవలెను. మా కొంపల్లి, మేడ్చలు, శామీర్‌పేట ప్రాంతములు ఒకప్పుడు ద్రాక్షతోటలకు ప్రసిద్ధములు. తోటలు పెక్కు ప్లాట్లయినవి; పందిళ్ల క్రింద పనిచేసిన వృద్ధులు ఇంకను కలరు. ఆ ప్రక్కనే మేడలు కట్టుటకు ఇతర రాష్ట్రములనుండి వచ్చిన కూలీలు గుడిసెలలో నున్నారు. వీరిలో నొకరి మాటను విద్యార్థి గంటసేపు అడ్డురాక వినవలెను. విన్నది విన్నట్లు, ఆ మాండలికమును దిద్దకయే వ్రాసి, వారికి చదివి వినిపింపవలెను. “నే నన్నది ఇదే” యని వారన్నచో ఉత్తీర్ణుడు. తల యడ్డముగా ఊపినచో మరల పోవలెను.

ఈ పరీక్షకు స్టూడియో అక్కఱలేదు, రుసుము అక్కఱలేదు. ఇందు నెగ్గినవానికి పిమ్మట ఎంతటి యంత్రము నిచ్చినను భయము లేదు. వినుట రానివానికి ప్రసారము నేర్పుట, బావిలో నీరు చూడక గిలక బిగించుట వంటిది. కళాశాలాధికారులు ముందు బావి సంగతి విచారింతురని మా ప్రార్థన.