సారా కథలు - తాగినవాడి ఇల్లు

మనిషి తాగుబోతు ఎందుకవుతాడన్న ప్రశ్నకు మన మధ్యతరగతి వద్ద ఒక జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది: పెంపకం మంచిది కాదు. తల్లి గారాబం చేసింది, తండ్రి అదుపు చేయలేదు, భార్య సరిగా చూసుకోలేదు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. తండ్రి తాగి రావడం చూస్తూ పెరిగిన బిడ్డకు తాగుడు వింతగా తోచదు. ఇంట్లో ఆదరణ ఉన్నవాడికి తాగుడు మానడం కొంత సులభమవుతుంది. కాని తప్పంతా కుటుంబం మీద మోపితే, ఆ కుటుంబాన్ని ఆ స్థితికి తెచ్చినదేమిటన్న ప్రశ్న మరుగున పడుతుంది.

ఆ ప్రశ్నను మన కథాసాహిత్యంలో బలంగా ముందుకు తెచ్చినవాడు విశాఖపట్నం ప్లీడరు రాచకొండ విశ్వనాథశాస్త్రి (1922-1993). 1933లో రేవు తెరుచుకున్న ఆ పట్నానికి పల్లెల్లో బతుకు గడవనివారు కూలికి వచ్చి చేరారు. ఓడ వస్తే పని, రాకపోతే పస్తు. 1948 నాటికి ఉమ్మడి మద్రాసు రాష్ట్రమంతటా మద్యనిషేధం అమలైంది. తాగుడు పోలేదు, చాటుకు మళ్ళింది. 1960ల తొలి ఏళ్ళలో వచ్చిన 'ఆరు సారా కథలు' ఆ చాటువ్యవహారాన్ని బయటపెట్టాయి. 'మాయ' కథలో సారా కేసులో ఇరుక్కున్న ముత్యాలమ్మ కొత్త ప్లీడరుకు లోకం తీరును తన యాసలోనే విప్పి చెబుతుంది. చట్టమూ, పోలీసూ, కోర్టూ డబ్బు చుట్టూ ఎలా తిరుగుతాయో ఆ మాటల్లో తెలిసిపోతుంది. అది విన్నాక నీతిపాఠం చెప్పబోయేవాడికి నోరు పెగలదు. ఇది శాస్త్రిగారి విజయం.

అయితే ఈ విజయానికి ఒక హద్దున్నది. అమ్మేవారు, పట్టేవారు, వాదించేవారు, తీర్పు చెప్పేవారు ఈ కథల్లో సజీవంగా కనిపిస్తారు. కూలిడబ్బు చేతికందని ఇల్లాలు, అర్ధరాత్రి అడుగుల చప్పుడుకు ఉలికిపడే పిల్ల ఎక్కువగా వెనకనే ఉండిపోతారు. లోకమంతా డబ్బు మాయ అన్నమాట నిజమే. ఆ మాయ దెబ్బ చివరకు ఎవరి వీపున పడుతున్నదో కూడా చూపవలసి ఉంది.

మూడు దశాబ్దాల తర్వాత ఆ కొరతను తీర్చినవారు కథకులు కారు, నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు. 1992లో అక్షరాస్యతా తరగతులకు వచ్చిన ఆ శ్రామిక స్త్రీలు భర్తకు బుద్ధి చెప్పి ఊరుకోలేదు. ఊళ్ళోని సారా దుకాణాన్నీ, దాని మీద ఆదాయం తీసే ప్రభుత్వాన్నీ నిలదీశారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి, 1997లో సడలిపోయింది. ఖజానాకు మద్యం మీద ఉన్న ఆశ ఎంత బలమైనదో అప్పుడు లోకానికి తెలిసింది.

రేవుకు తోడు ఉక్కు కర్మాగారం కూడా వెలసిన విశాఖలో కాంట్రాక్టు కూలీల ఇళ్ళు నేటి రచయిత కోసం ఎదురుచూస్తున్నాయి. ఆ గుమ్మంలో అడుగుపెట్టేవాడు శాస్త్రిగారి కోర్టునూ, దూబగుంట స్త్రీలనూ రెంటినీ గుర్తుంచుకోవాలి. ఇంటి కన్నీటిని మాత్రమే చూస్తే కథ నీతిబోధ అవుతుంది. వ్యవస్థను మాత్రమే చూస్తే, పోరాడవలసిన మనుషులే అందులో కనిపించకుండా పోతారు.