పనిని నడిపించు సాఫ్ట్‌వేరు: దాని విలువ కట్టుట యెట్లు?

పెండ్లి యింటి పెద్దను మీరందరును గమనించియే యుందురు. పందిరి వేయనిదే తోరణములు కట్టుటకు వీలులేదు. సరకులు దిగనిదే పొయ్యి వెలిగించుటకు వీలులేదు. కాని శుభలేఖలు పంచుటకును పందిరి రాటలకును సంబంధము లేదు. ఆ రెండు పనులును ఒకేసారి సాగవచ్చును. ఏ పని దేని తరువాత రావలెను, ఏది యెవరి చేతిలో నున్నది, ఎక్కడ ఒకనాడు జాగైనచో ముహూర్తమునకే ముప్పు వచ్చును అను సంగతులన్నియు ఆయన మనస్సులోనే పెట్టుకొని తిరుగుచుండును.

నేటి కార్యాలయములలో పలువురు కూడి నెలల తరబడి చేయు పనులు ఒక్కరి మనస్సులో ఇముడునవి కావు. అందుచే ఈ పెద్దరికమును కంప్యూటరునకు అప్పగించుచున్నారు. ఇందుకై అమ్మకమునకు వచ్చిన సాఫ్ట్‌వేరులు అనేకము కలవు. కొనువారు సాధారణముగా వెలను, రంగులను, ప్రకటనలోని హంగుల పట్టికను చూచి ఎంచుకొనుచున్నారు. విజ్ఞానశాస్త్రము చదువుకొను మనము అట్లు చేయరాదు. త్రాసును కొనునపుడు దాని పళ్ళెముల మెరుగును చూతుమా? బరువు తెలిసిన రాళ్ళను వేసి అది సరిగా తూగుచున్నదో లేదో చూతుము. ఈ సాఫ్ట్‌వేరులను కూడ అట్లే పరీక్షింపవలెనని ఈ వ్యాసమున చెప్పదలచితిని. అందుకై మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్, జీరా, ట్రెల్లో అను మూడింటిని తీసికొందము.

మూడు భావములు

ఈ సాఫ్ట్‌వేరుల వెనుక ముఖ్యముగా మూడు భావములున్నవి. అవి మూడును కార్యాలయములలోనికి నేటి కంప్యూటరులు రాకపూర్వమే పుట్టినవి.

మొదటిది కడ్డీల పటము. అడ్డముగా కాలమును, నిలువుగా పనులను వ్రాసి, ఒక్కొక్క పనికి పట్టు కాలమును ఒక కడ్డీగా గీయుదురు. పోలెండు దేశపు ఇంజనీరు కరోల్ ఆదమియెత్‌స్కీ 1896లోనే ఇట్టి పద్ధతిని రూపొందించెను. అమెరికాలో హెన్రీ గాంట్ 1910 తరువాత దీనిని ప్రచారములోనికి తెచ్చుటచే అది గాంట్ పటమను పేరుతో నిలిచినది.

రెండవది పనుల అల్లిక. ఏ పని దేనిపై ఆధారపడునో గీతలతో కలిపి, మొదటినుండి చివరివరకు పోవు దారులలో మిక్కిలి పొడవైనదానిని కనుగొందురు. దీనిని కీలకమార్గ మందురు. 1957లో డ్యూపాంట్ సంస్థకు చెందిన మోర్గన్ వాకర్, రెమింగ్టన్ రాండ్ సంస్థకు చెందిన జేమ్స్ కెల్లీ ఈ లెక్కను తయారుచేసిరి. 1958లో అమెరికా నౌకాదళము పోలారిస్ క్షిపణి నిర్మాణము కొరకు పెర్ట్ అను సోదర పద్ధతిని చేపట్టెను.

మూడవది చీటీల బల్ల. రెండవ ప్రపంచ యుద్ధము తరువాత జపానులో టొయోటా కార్ల కర్మాగారమున తైయిచి ఓనో దీనిని పెంపొందించెను. ముందటి వరుసనుండి చీటీ వచ్చినగాని వెనుకటి వరుసవారు వస్తువును తయారుచేయరాదు. దీనికే కాన్‌బాన్ అని పేరు.

1984లో మొదటి కూర్పు వెలువడిన మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ మొదటి రెండు భావములకు వారసు. ట్రెల్లో 2011లో అమెరికాలో పుట్టి మూడవ భావమును చేపట్టినది. జీరా 2002లో ఆస్ట్రేలియాకు చెందిన అట్లాసియన్ సంస్థనుండి వెలువడినది; సాఫ్ట్‌వేరులోని తప్పులను నమోదు చేయుటకు మొదలై, తరువాత చీటీల బల్లను కూడ చేర్చుకొనినది. 2017లో ట్రెల్లోను కూడ అట్లాసియన్ సంస్థయే కొనెను.

బరువు తెలిసిన రాయి

ఇక పరీక్షకు వత్తము. కార్యాలయపు పని మనకు క్రొత్త గనుక, సమాధానము చేతితో కట్టగల చిన్న పనిని తీసికొందము. వైజ్ఞానిక ప్రదర్శన కొరకు ఒక విద్యార్థి బృందము సౌరకుక్కరు చేయదలచినది. దానికి పటము గీయుటకు 2 దినములు పట్టును. పటము ముగిసిన పిదప సామగ్రి తెచ్చుటకు 4 దినములు. సామగ్రి వచ్చిన పిదప కూర్చుటకు 5 దినములు. పటము ముగియగనే వేరొక జట్టు చార్టులు వ్రాయుటకు 3 దినములు. కుక్కరును చార్టులును సిద్ధమైన పిమ్మట, చూడవచ్చినవారికి వివరించి చెప్పుట అభ్యసించుటకు 2 దినములు.

అన్నిటిని కూడినచో 16 దినములు. కాని చార్టుల పని ప్రక్కన సాగును గనుక అంత కాలము పట్టదు. పటము, సామగ్రి, కూర్పు, అభ్యాసము అను దారి 2+4+5+2, అనగా 13 దినములు. చార్టుల మీదుగా పోవు దారి 2+3+2, అనగా 7 దినములే. కావున పని 13 దినములలో ముగియును. చార్టుల జట్టునకు 6 దినముల వెసులుబాటు కలదు. సామగ్రి రెండు దినములు ఆలస్యమైనచో మొత్తము 15 దినములగును. చార్టులు ఆరు దినములు ఆలస్యమైనను 13 మారదు.

ఈ లెక్కను మైక్రోసాఫ్ట్ ప్రాజెక్టునకు ఇచ్చినచో కీలకమార్గమును సరిగా చూపును. కాని రెండు చోట్ల జాగ్రత్త అవసరము. 2010 నాటి కూర్పునుండి అందులో పనుల తేదీలను మనమే నిర్ణయించు విధానము కూడ ఉన్నది. పని ఆ విధానములో ఉన్నచో, సామగ్రి ఆలస్యమైనదని వ్రాసినను తరువాతి పని తేదీ తనంతట జరుగదు. రెండవది పంచాంగము. సాఫ్ట్‌వేరు మామూలు పంచాంగమున సోమవారమునుండి శుక్రవారము వరకే పనిదినములు. మన పాఠశాలలు శనివారము కూడ పనిచేయును. సోమవారము మొదలిడిన 13 దినముల పని, రెండవ శనివారపు సెలవు నడుమ రానిచో, మూడవ వారమున సోమవారమే ముగియును. సాఫ్ట్‌వేరు మాత్రము బుధవారమని చెప్పును. ప్రదర్శన మంగళవారమైనచో, నిష్కారణముగా గుండెలు బాదుకొనవలసి వచ్చును.

ట్రెల్లోలో ప్రతి చీటీకి గడువు తేదీ వ్రాయవచ్చును. కాని ఒక చీటీ ఆలస్యమైనచో తరువాతి చీటీ గడువు తనంతట కదలదు. జీరాలో ఒక పని మరియొక దానికి అడ్డముగా నున్నదని లంకె వేయవచ్చును. ఆ లంకె వేసినంత మాత్రమున తేదీలు జరుగవు. కావున ఈ రాయి వేసి చూచినపుడు మొదటిదే నెగ్గినది.

ఒక్క తేదీలోని మోసము

అయితే ఆ 13 అను అంకెను ఎంతవరకు నమ్మవచ్చును? సామగ్రికి 4 దినములని వ్రాసితిమి. అదృష్టము బాగున్నచో 2 దినములలో రావచ్చును. అద్దము దొరకనిచో 12 దినములు పట్టవచ్చును. పెర్ట్ పద్ధతి ప్రకారము, తక్కువ కాలమునకు, సాధారణ కాలమునకు నాలుగు రెట్లను, ఎక్కువ కాలమును కలిపి ఆరుచే భాగింపవలెను: (2+16+12)÷6 = 5. ఒక్క పనిలోనే ఒక దినము పెరిగినది.

ఇంతకంటె గమనింపదగినది మరియొకటి కలదు. ఐదు జట్లు ఐదు భాగములను వేరువేరుగా చేయుచున్నవనుకొనుడు. ఒక జట్టు ఆలస్యము మరియొక దానిపై ఆధారపడదు. ప్రతి జట్టు గడువునకు ముగించు సంభావ్యత నూటికి 80. ఐదును గడువునకు సిద్ధమగు సంభావ్యత ఎంత? 0.8ని ఐదుసార్లు గుణించినచో సుమారు 0.33 వచ్చును. ప్రతి జట్టును నమ్మదగినదే, కాని అన్నియు కలిసి మూడింట ఒకసారి మాత్రమే గడువును అందుకొనును. గాంట్ పటము మీద నిలిచిన ఒక్క తేదీ ఈ సంగతిని మనకు చెప్పదు. పెర్ట్ కూడ పొడవైన దారినొక్కదానినే చూచుటచే దీనిని తక్కువగా అంచనా వేయును.

ఆలస్యము కనబడగనే మరికొందరు మనుష్యులను చేర్చుట అధికారులకు అలవాటు. సాఫ్ట్‌వేరులో తగిన విధానమును ఎంచుకొన్నచో, ఒకరు పది దినములు చేయు పనిని ఇద్దరు ఐదు దినములలో ముగింతురని అది వెంటనే లెక్క కట్టి చూపును. ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లో ప్రచురించిన తన గ్రంథమున, ఆలస్యమైన సాఫ్ట్‌వేరు పనికి మనుష్యులను చేర్చినచో అది మరింత ఆలస్యమగునని హెచ్చరించెను. క్రొత్తవారికి నేర్పవలెను, మాటలాడుకొనవలసిన జతలు పెరుగును. ఐదుగురిలో జతలు 10, పదిమందిలో 45. ఈ 45ను కడ్డీల పటము ఎక్కడను చూపదు.

చీటీల బల్ల చెప్పునది

చీటీల బల్లకు వేరొక బలము కలదు. 1961లో జాన్ లిటిల్ ఒక సరళమైన సూత్రమును నిరూపించెను. నిలకడగా సాగు పనిలో, చేతిలోనున్న పనుల సంఖ్యను వారమునకు ముగియు పనుల సంఖ్యచే భాగించినచో, ఒక్కొక్క పనికి సగటున పట్టు వారములు వచ్చును. బల్లమీద 30 చీటీలుండి వారమునకు 5 ముగియుచున్నచో, నేడు చేరిన చీటీకి ఆరు వారములు పట్టును. ముగియు వేగము అంతేయుండగా చేపట్టు పనులను 10కి తగ్గించినచో రెండు వారములే పట్టును. ఎవరును వేగముగా పనిచేయనక్కరలేదు. చేతినిండ పెట్టుకొనకుండిన చాలును.

జీరా బల్లమీద వరుసకు ఇన్ని చీటీలే యని హద్దు పెట్టవచ్చును. అది మీరినపుడు రంగు మారి హెచ్చరించును. గడచిన పనులకు నిజముగా పట్టిన కాలమును గీతలుగా కూడ చూపును. అది వాగ్దానము కాదు, జరిగిన కొలత. ఇది మెచ్చదగినది. కాని ప్రతి చీటీకి పలు గడులు పెట్టి, ప్రతి అడుగునకు అనుమతులు చేర్చుటకు జీరాలో వీలున్నది. ఆ వీలును అదుపులేక వాడుకొన్నచో, పని చేయుటకంటె చీటీ నింపుటయే భారమగును. ట్రెల్లో తేలిక, నిమిషములలో నేర్చుకొనవచ్చును. కాని తనంతట హద్దు పెట్టదు. చీటీలు గుట్టలుగా పడుచున్నను మౌనముగా నుండును.

అంకె చెప్పిన మనిషి

ఇప్పటివరకు యంత్రమును పరీక్షించితిమి. దానికి అంకెలు ఇచ్చువాడు మనిషి. పోలారిస్ పని జయప్రదమైన పిదప పెర్ట్ పద్ధతికి గొప్ప పేరు వచ్చినది. కాని హార్వే సపోల్స్కీ అను పండితుడు 1972లో ప్రచురించిన గ్రంథమున, ఆ పనిని నడుపుటలో పెర్ట్ పాత్ర స్వల్పమనియు, పైవారికి నమ్మకము కలిగించి వారి జోక్యమును ఆపుటకే అది ఎక్కువగా ఉపకరించినదనియు తేల్చెను. అనగా పటము పని కొరకు గాక ప్రదర్శన కొరకు నిలిచినది.

నేటి కార్యాలయములందును ఇదే అపాయము. ఎరుపు గుర్తు కనబడగనే ఉద్యోగిని మందలించు చోట ఎరుపు గుర్తులు కనబడవు. ఎంత పూర్తియైనదని యడిగినచో వారముల తరబడి "తొంబది శాతము" అను సమాధానమే వచ్చును. అంకె అబద్ధమైనపుడు దానిపై కట్టిన కీలకమార్గమును అబద్ధమే. అట్టి చోట ఎంత పూర్తియైనదని గాక, ఇంకను ఎన్ని దినములు పట్టునని అడుగుట మేలు. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్టు, జీరాలలో దీనికి గడి కలదు. దానిని వాడువారి మనస్సే ముఖ్యము.

కావున నా అభిప్రాయము ఇది. గడువు కదలని, పనుల క్రమము తెలిసిన నిర్మాణములకు మైక్రోసాఫ్ట్ ప్రాజెక్టు తగును. అయితే అది చూపు తేదీకి సంభావ్యతను మనమే కట్టుకొనవలెను. ఎడతెగక వచ్చిపడు పనులకు జీరా తగును; గడులను పొదుపుగా పెట్టవలెను. నలుగురైదుగురి చిన్న బృందమునకు ట్రెల్లో చాలును. హద్దును వారే పాటింపవలెను. ఇందులో దేనినైనను కొనుటకు ముందు అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: మన బృందములో మిక్కిలి చిన్న ఉద్యోగి, తన పని ఆలస్యమగునని తెలిసిన దినముననే, భయపడక, రెండు నిమిషములలో ఆ మాటను ఇందులో వ్రాయగలడా? వ్రాయలేనిచో తక్కిన హంగులు వ్యర్థము.

ఉపాధ్యాయులు ఈ పరీక్షను తరగతిలోనే చేయింపవచ్చును. గాంట్ ప్రాజెక్ట్ అను సాఫ్ట్‌వేరు ఉచితముగా లభించును. కీలకమార్గమును కూడ చూపును. కంప్యూటరు లేనిచోట గళ్ళ కాగితమును పెన్సిలును చాలును. ముందు విద్యార్థులచే చేతితో 13ను రాబట్టింపవలెను; పిదప యంత్రమును అడుగవలెను. రాబోవు ప్రదర్శనకు ఒక్కొక్క పనికి వారు వేసిన అంచనాను, నిజముగా పట్టిన దినములను ప్రక్కప్రక్కన వ్రాసి ఉంచుడు. మరుసటి యేటి బృందమునకు ఆ కాగితము ఎంతయో ఉపయోగపడును.