జిస్ట్ కార్డు – తెలుగు అక్షర సంకేతం: ఒక విమర్శనాత్మక పరిశీలన

ఒక ఎలక్ట్రానిక్ పరికరం కోసం ప్రత్యేకంగా రూపొందించిన సాఫ్ట్‌వేర్ సాధారణంగా ఆ పరికరంతోనే వాడుక నుంచి తప్పుకుంటుంది. దానితో తయారైన సమాచారం మాత్రం మిగిలి ఉంటుంది. ఆ సమాచారాన్ని తరువాతి తరం యంత్రాలు చదవగలవా అన్నది సాఫ్ట్‌వేర్ నిర్మాణ సమయంలోనే నిర్ణయమైపోతుంది. భారతీయ భాషలను కంప్యూటర్ తెరపైకి తెచ్చిన జిస్ట్ కార్డును ఈ దృష్టితో పరిశీలించినప్పుడు, అక్షరాన్ని చూపిన తీరు కన్నా దాన్ని భద్రపరచిన తీరే దాని ముఖ్య ఫలితంగా కనిపిస్తుంది.

1980ల తొలి సంవత్సరాల్లో కాన్పూరు ఐఐటీలో మొదలైన ఈ కృషి, 1988లో ఏర్పడిన సి-డాక్ సంస్థ ద్వారా విస్తృత వాడుకలోకి వచ్చింది. ఆనాటి వ్యక్తిగత కంప్యూటర్లలో ప్రధానమైన డాస్ వ్యవస్థ ప్రతి అక్షరాన్నీ ఒకే వెడల్పు గల గడిలో చూపేది. గుణింతాలు, వత్తులు గల తెలుగు లిపికి ఆ ఏర్పాటు చాలదు. కంప్యూటర్ లోపల అమర్చే జిస్ట్ కార్డు, అక్షర సంకేతాలకు తగిన రూపాలను కూర్చి తెరకు అందించేది. అందువల్ల ఇంగ్లీషు కోసం రాసిన డేటాబేస్ ప్రోగ్రాములను మార్చకుండానే వాటిలో తెలుగు సమాచారాన్ని నమోదు చేయడం సాధ్యమైంది.

ఈ పనికి ఆధారం ఇస్కీ సంకేత ప్రమాణం. భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో దీన్ని ఐఎస్ 13194గా ప్రకటించింది. ఎనిమిది బిట్ల ఈ ప్రమాణంలోని 256 స్థానాల్లో మొదటి 128 స్థానాలు ఆస్కీవి. తక్కిన సగం బ్రాహ్మీజన్య లిపులకు ఉమ్మడిగా ఉద్దేశించినది. ‘శాస్త్రి’ అనే పదం ఇందులో శ, ఆత్వం, స, పొల్లు, త, పొల్లు, ర, ఇత్వం అనే ఎనిమిది సంకేతాల వరుస. తెరపై గుడి సకారం మీద, వత్తులు దాని చుట్టూ చేరినా, భద్రమయ్యే క్రమం ఉచ్చారణను అనుసరిస్తుంది. హల్లును వత్తుగా మార్చకుండా పొల్లుతోనే చూపవలసిన చోట పొల్లు సంకేతాన్ని రెండుసార్లు వాడే ఏర్పాటు కూడా ఇందులో ఉంది. వర్ణక్రమం, లిపి రూపం వేర్వేరు విషయాలన్న వ్యాకరణ వివేచన ఈ సాంకేతిక నిర్ణయంలో ప్రతిఫలించింది.

అయితే ఈ ప్రమాణానికి పరిమితులు లేకపోలేదు. తెలుగు కకారానికీ దేవనాగరి కకారానికీ సంకేతం ఒక్కటే కావడం లిప్యంతరీకరణకు అనుకూలించింది; కానీ ఒక పాఠం ఏ లిపిలోనిదో ఆ అక్షర సంకేతం తనంతట తాను చెప్పలేదు. లిపిని వేరుగా సూచించవలసి వచ్చింది. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి వెర్షన్ కూడా తెలుగు విభాగానికి 1988 నాటి ఇస్కీ క్రమాన్నే ఆధారం చేసుకుంది. ఆ విభాగంలో దంత్య చ, జలకు 2008లో, నకారపొల్లుకు 2021లో గాని స్థానం దక్కలేదు. ప్రమాణంలో మొదట విడిచిన అక్షరం తిరిగి చేరడానికి ఎంతకాలం పడుతుందో చెప్పడానికి ఇది చాలు.

ఈ లోపాలను డీటీపీ యుగపు ఆచరణతో పోల్చి చూడాలి. విండోస్‌పై ప్రచారంలోకి వచ్చిన అనేక తెలుగు ఫాంట్లు అక్షరానికి బదులు దాని రూప ఖండాలకు సంఖ్యలిచ్చాయి. వాటిలో ‘సి’ ఒకే రూపంగా ఉంటే, అందులోని సకారాన్ని కంప్యూటర్ గుర్తించదు. ఫాంటు మారితే పాఠమే అర్థం లేని గుర్తుల వరుసగా మారుతుంది. కార్డు అవసరం తీరిపోయిన ఈ దశలో ముద్రణ సౌలభ్యం పెరిగింది. రూపానికీ సంకేతానికీ మధ్య కార్డు పాటించిన భేదం మాత్రం చెరిగిపోయింది. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో తెలుగు యూనికోడ్‌కు ఆదరువు కల్పించిన తరువాత కూడా పాత అలవాటు వెంటనే పోలేదు.

దీని భారం నేడు పరిశోధన మీద పడుతోంది. ఇస్కీ పాఠాన్ని, లిపి ఏదో తెలిస్తే, ఒక పట్టిక ఆధారంగా యూనికోడ్‌లోకి మార్చవచ్చు. రూప సంఖ్యల పాఠానికి ఏ ఫాంటుకు ఆ మార్పిడి సాధనం కావాలి. విడివిడి ఖండాల నుంచి అక్షరాన్ని మళ్లీ నిర్మించాలి. ఈ క్రమంలో ఒక వత్తు తప్పినా ఉల్లేఖనం దోషభూయిష్టమవుతుంది, పదసూచిలో పదం దొరకదు, భాషా కార్పస్‌లో లేని రూపం చేరుతుంది. అచ్చులో చక్కగా కనిపించే సిద్ధాంత వ్యాసం అంతర్జాలంలో వెతికితే దొరకకపోవడానికి ఒక కారణం ఇదే.

కనుక పరికరానికి తోడుగా నిర్మించే సాఫ్ట్‌వేర్‌ను అది నడిచే వేగంతోనో, చూపే రూపంతోనో మాత్రమే అంచనా వేయడం చాలదు. తాళపత్రాలను స్కాన్ చేసే యంత్రమైనా, మాండలిక ఉచ్చారణను నమోదు చేసే పరికరమైనా, అది అందించే సమాచారం బహిరంగ ప్రమాణంలో ఉందా, ఆ పరికరం లేకుండా తెరుచుకుంటుందా అని కొనుగోలుకు ముందే విశ్వవిద్యాలయ శాఖలు పరీక్షించాలి. ఇస్కీలో నమోదైన తెలుగు నేటికీ చదవదగినదిగా నిలిచిందంటే, అందుకు కార్డు దృఢత్వం కారణం కాదు. సంకేతాన్ని కార్డుకు కట్టివేయకపోవడమే.